తప్పు గడిలో వేసిన అక్షరాలు

మా అమ్మమ్మను ఎవరైనా "మీరు చాలా మంచివారండీ" అంటే ఆమెకు ఒళ్లు మండుతుంది. పాలు పోసే ఆయన ఒకసారి నోరు జారి ఆ మాట అన్నాడు. పాపం, ఆ తర్వాత వారం రోజులు ఆయన పాలల్లో నీళ్లే కనిపించాయి ఆమెకు. నేను మాత్రం ఆ పొరపాటు ఎప్పుడూ చెయ్యలేదు. నేను ఆమెను "ముసలి గుమాస్తా" అని పిలుస్తాను. అలా పిలిస్తే నవ్వుతుంది.

గుమాస్తా అన్నది అబద్ధం కూడా కాదు. పోస్టాఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు ఉత్తరాలు వేరుచేసింది. ఇప్పటికీ ఆమె చెయ్యి ఊరుకోదు. నా పిన్నీసులు, జడ క్లిప్పులు, ఊడిపోయిన గుండీలు మంచం మీద పోసి వెళ్లానా, తిరిగి వచ్చేసరికి సైజుల వారీగా వరుసలు కట్టి ఉంటాయి. "నా సామాను నువ్వెందుకు ముట్టుకున్నావు?" అంటే, "నేనెక్కడ ముట్టుకున్నానే, అవే వెళ్లి కూర్చున్నాయి" అంటుంది.

నేను తొమ్మిదో తరగతితో బడికి దణ్ణం పెట్టేసినప్పుడు ఇంట్లో అందరూ నా మీద విరుచుకుపడ్డారు. మా అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. మామయ్య నా భవిష్యత్తు గురించి చెప్పినవన్నీ జరిగి ఉంటే నేను ఈపాటికి ఏ బస్టాండులోనో పడుకుని ఉండాలి. అమ్మమ్మ ఒక్కతే తిట్టలేదు.

"నీ ఇష్టమే" అంది. "నీకు ఇష్టం అనేది ఒకటుంది."

అప్పుడది నాకు వెటకారంలా వినిపించింది. ఆ మాట వెనక ఏముందో ఆ తర్వాత నాలుగేళ్లలో, ముక్కలు ముక్కలుగా, ఆమె నోటి నుంచి లాగాను. ఆమె దగ్గర నుంచి ఏదైనా లాగడం అంత తేలిక కాదు. చిన్నప్పుడు చాక్లెట్లు లాగిన అనుభవం నాకు బాగా పనికొచ్చింది.

మా ముత్తాత ఒక అచ్చాఫీసులో ట్రెడిల్ తొక్కేవాడు. కాలితో తొక్కుతుంటే యంత్రం పుస్తకంలా తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. తెరుచుకున్నప్పుడు ఒక చేత్తో అచ్చయిన కాగితం తీసి, ఇంకో చేత్తో కొత్త కాగితం పెట్టాలి. ఒక రోజు కాగితం వంకరగా పడింది. సర్దబోయాడు. యంత్రం ఆగలేదు. కుడిచేతి వేళ్లు నాలుగు పోయాయి.

యజమాని ఆయన్ను పనిలోంచి తీసేయలేదు. గేటు దగ్గర స్టూలు వేసి కూర్చోబెట్టాడు. "వేళ్లు లేకపోతేనేం, కళ్లున్నాయిగా. కాపలా కాయి" అన్నాడు. "మీ పెద్దదాన్ని కూడా పంపు. పిల్లల వేళ్లు సన్నగా ఉంటాయి, మాకు పనికొస్తాయి."

అందరూ ఆయన మంచితనాన్ని పొగిడారు. అమ్మమ్మకు అప్పుడు ఏడేళ్లు.

పిల్లలు పనిచేసేది వెనక గదిలో. కిటికీకి అట్టలు కొట్టేశారు, గాలి వస్తే కాగితాలు ఎగురుతాయని. ఆ గదిలో ఆరుగురు పిల్లలు. అచ్చు వేయడం అయిపోయాక పేజీకి కట్టిన దారం విప్పి, సీసపు అక్షరాలను కిరోసిన్‌తో కడిగి వాళ్ల ముందు పెట్టేవారు. ఒక్కో వరుస ఎడమ అరచేతిలోకి తీసుకుని, ఒక్కో అక్షరం విడదీసి, దాని గడిలో దాన్ని వేయాలి. ఒక్కో పెట్టెలో నాలుగు వందల పైచిలుకు గళ్లు. పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా టిక్కు, టిక్కు, టిక్కు. మళ్లీ పెద్దవాళ్లు ఆ గళ్లలోంచి అక్షరాలు ఏరి కొత్త పేజీ కడతారు. పిల్లలు మళ్లీ విప్పుతారు.

ఆ ఆరుగురిలో ఒక్కరికీ చదవడం రాదు. అక్షరం పేరేమిటో, దాన్ని ఎలా పలకాలో తెలియదు. ఆకారం తెలుసు, గడి తెలుసు. అందుకని వాళ్లే పేర్లు పెట్టుకున్నారు. సున్నా గుండీ. ఠ కన్ను. ఇంకా కొక్కెం, నత్త, చెప్పు, తేలు. సీసపు అక్షరం మామూలు అక్షరంలా ఉండదు. వరుసను చేతిలో పట్టుకుని చూస్తే నీళ్లలో నీడ చూసినట్టే, అన్నీ తలకిందులు. తలకట్టు గడ్డంలా కిందికి ఉంటుంది, ఒత్తు నెత్తికెక్కి కూర్చుంటుంది. వాళ్లకు తెలిసిన అక్షరాలన్నీ అలాంటివే.

ఒక అక్షరం తప్పు గడిలో పడిందంటే పేజీ కట్టేవాడు చూడకుండా తీస్తాడు, అచ్చు తప్పు పడుతుంది. ఆ పెట్టె ఎవరిదో సుద్దతో రాసిన గుర్తు చెబుతుంది. యజమాని ఇత్తడి రేకు తీసుకుని వస్తాడు. చెయ్యి బోర్లా పెట్టాలి. కణుపుల మీద కొడతాడు. పిల్లలు ఆయనకు కళ్లజోడు అని పేరు పెట్టారు. ముఖంలో మిగతా భాగాలు చూసేంత ధైర్యం ఎవరికీ లేదు మరి.

ప్రతి శనివారం సాయంత్రం కళ్లజోడు తన చేతులతో ఒక్కో పిల్లకు ఒక్కో అరటిపండు ఇచ్చేవాడు. పిల్లలు శనివారం కోసం కళ్లలో వత్తులు వేసుకుని చూసేవారు.

అమ్మమ్మకు పదేళ్లు వచ్చేసరికి ఆ గదిలో ఆమెను మించిన చెయ్యి లేదు. అప్పటికి ఆమె చెల్లెలు కూడా పనిలోకి వచ్చి ఆరు నెలలైంది. ఏడేళ్ల పిల్ల. ముందు పళ్లు రెండు లేవు. నోరు క్షణం మూతపడేది కాదు కాబట్టి అందరూ పిచ్చుక అనేవారు. పనిలో మాత్రం నత్త. ఏ అక్షరం ఎక్కడిదో తోచకపోతే పెదవుల మధ్య పెట్టుకుని వెతికేది. ఒక్కోసారి నాలుగైదు ఉండేవి నోట్లో.

"ఊసెయ్యవే, అది తినేదా?" అని అమ్మమ్మ కసిరితే, "తియ్యగా ఉంటుందక్కా. నువ్వూ చూడు" అనేది.

ఆ పిల్ల మౌనంగా ఉండేది అక్షరాలు నోట్లో ఉన్నప్పుడే. అందుకని గదిలో పిల్లలు, "దాని నోట్లో ఇంకో నాలుగు పెట్టండిరా, ప్రశాంతంగా ఉంటుంది" అని ఎగతాళి చేసేవారు. అమ్మమ్మ కూడా నవ్వేదట. ఇది చెప్పేటప్పుడు మాత్రం నవ్వలేదు.

దగ్గర్లో ఉన్న బడి నుంచి ఒక టీచరమ్మ ప్రోగ్రెస్ కార్డులు అచ్చు వేయించుకోవడానికి వచ్చేది. ఒక రోజు ఆమె నమూనా కాగితం చూసుకుంటుంటే, టేబుల్‌కి అవతల అక్షరాల పళ్లెం పట్టుకుని నిలబడ్డ అమ్మమ్మ అంది, "ఇక్కడ గుండీ పడిందమ్మా. కన్ను పడాలి."

టీచరమ్మ చూసింది. పాఠశాల అన్న మాటలో ఠ లేదు, సున్నా ఉంది.

"నీకు చదవడం వచ్చా?"

"రాదమ్మా. పోయిన ఏడు కూడా ఈ వరుస నేనే విప్పాను. కొక్కెం, కన్ను, నత్త, చెప్పు. అట్లా ఉండాలి."

టీచరమ్మ చాలాసేపు ఆమె వేళ్ల వంక చూసిందట. తర్వాత కళ్లజోడు గదిలోకి వెళ్లింది. తలుపు వేసుకున్నా మాటలు వినిపించాయి.

"ఆ అక్కాచెల్లెళ్లను బడికి పంపండి. ఫీజు అక్కర్లేదు, పుస్తకాలు నేను చూసుకుంటాను."

"ఇద్దరూ పోతే నా పని మీరొచ్చి చేస్తారా అమ్మా?"

"పంపకపోతే నేను పైవాళ్లకు రాస్తాను."

"రాయండి. రేపు వాళ్ల నాన్నకి స్టూలు కూడా ఉండదు." తర్వాత కళ్లజోడే గొంతు తగ్గించాడు. "ఒకర్ని తీసుకెళ్లండి. పనికిరాని దాన్ని. నాలుగు వారాలు ఆగి, సోమవారం చెప్తాను."

"సరే" అంది టీచరమ్మ. "ఒకరైనా."

పనికిరానిది ఎవరో చెప్పక్కర్లేదు. ఆ సాయంత్రం ఇంట్లో అందరూ పిచ్చుకకు జడలు వేసి చూసుకున్నారు. మా ముత్తవ్వ పాత్రలు తోమే ఇళ్లలో ఎవరినో అడిగి పాత గౌను తెచ్చింది. అమ్మమ్మే దాని అంచు కుట్టింది.

"నీకు కుళ్లు వెయ్యలేదా?" అన్నాను నేను.

"కుట్టేటప్పుడు వెయ్యలేదు" అంది. "కుట్టడం అయ్యాక అది తొడుక్కుని చూపించింది. అప్పుడేసింది."

మర్నాడు మంగళవారం. ఆ గదిలో అందరికంటే వేగమైన చెయ్యి తప్పులు చెయ్యడం మొదలుపెట్టింది. కొక్కేన్ని తేలు గడిలో, నత్తను గుండీ గడిలో వేసింది. మధ్యాహ్నానికి మొదటి అచ్చు తప్పు దొరికింది. కళ్లజోడు ఇత్తడి రేకు తెచ్చాడు.

"ఏమైందే నీకు?"

"కళ్లు మసకలుగా ఉన్నాయండీ."

బుధవారం ఇంకా ఎక్కువ వేసింది. కణుపులు వాచాయి. వాచిన వేళ్లతో ఎటూ తప్పులు ఎక్కువే పడతాయి కదా, శ్రమ తగ్గిందనుకుందట. పదేళ్ల పిల్ల లెక్క అది.

గురువారం అన్నం వేళ అందరూ బయటికి వెళ్లారు. అమ్మమ్మ మంచినీళ్లు తాగి వచ్చేసరికి పిచ్చుక అక్క పెట్టె ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. పెదవుల మధ్య నుంచి సీసం మెరుస్తోంది.

"ఏం చేస్తున్నావే?"

"ఊఁ... ఊఁ..."

"ఊసెయ్!"

పిచ్చుక అరచేతిలోకి ఊసింది. ఎనిమిదో తొమ్మిదో ఉన్నాయి. "నీ తప్పులు సర్దుతున్నానక్కా. కళ్లజోడు చూడకముందే."

"నిన్నెవరు సర్దమన్నారు?"

"ఎవరూ అనలేదు. నీకు కళ్లు మసకలన్నావుగా. నా కళ్లు బాగానే ఉన్నాయి."

అమ్మమ్మ ఆ పిల్ల చెంప మీద కొట్టింది. పిచ్చుక ఏడవలేదు. అయోమయంగా చూసింది. అక్కకు నొప్పిగా ఉండి విసుక్కుంటోందనుకుంది.

ఆ తర్వాత మూడు వారాలకు పైగా పోటీ జరిగింది ఆ పెట్టె మీద. అమ్మమ్మ తప్పులు వేస్తుంటే పిచ్చుక వెతికి తీసేది. పొద్దున పని మొదలవక ముందు, అన్నం వేళ, సాయంత్రం దీపం పెట్టాక. అలా వెతికి వెతికి ఆ పిల్లకు గళ్లన్నీ నోటికొచ్చాయి. వేళ్లు తేలికపడ్డాయి. తన పెట్టె పని ముగించి అక్క పెట్టె పని కూడా చేసే వేగం వచ్చింది. నాలుగో శనివారం అరటిపళ్లు పంచడానికి వచ్చిన కళ్లజోడు గుమ్మంలో నిలబడి పిచ్చుక చేతులు చూశాడు.

"ఇది ఎప్పుడు నేర్చుకుంది?" అన్నాడు.

సోమవారం టీచరమ్మ వచ్చింది. "పెద్దదాన్ని తీసుకెళ్లండి" అన్నాడు కళ్లజోడు. "గుడ్డిదాంతో నాకేం పని? చిన్నది ఉంటుంది."

పిచ్చుకకు ఏమీ అన్యాయంగా తోచలేదు. పైగా గర్వం. "అక్కా, నాకు నీ పెట్టె ఇచ్చారు!" అని గెంతింది. గేటు దగ్గర స్టూలు మీద మా ముత్తాత కూర్చుని ఉన్నాడు. ఆ పనిలో ఇరవై ఏళ్లు ఉన్న మనిషి ఆయన. కూతురి కళ్లకు ఏ జబ్బూ లేదని ఆయనకు తెలుసు. అమ్మమ్మ టీచరమ్మ వెనకాల నడుస్తూ ఆయన్ను దాటింది. ఆయన ఆమె వంక చూడలేదు. పోయిన వేళ్ల చోటును రెండో చేత్తో రుద్దుకుంటూ కూర్చున్నాడు.

బడిలో మొదటి రోజు అమ్మమ్మను పలక మీద ఏదైనా రాయమంటే, బ్రహ్మాండంగా పది అక్షరాలు రాసింది. అన్నీ తలకిందులు. తరగతి తరగతంతా పడీ పడీ నవ్వింది. నేను కూడా నవ్వాను, ఈ ముక్క విన్నప్పుడు. "నవ్వవే, నవ్వు. తొమ్మిదేళ్లు చదివి నువ్వు నిటారుగా రాసింది మాత్రం ఏముంది?" అంది. టీచరమ్మ నవ్వలేదట. తన సంచిలోంచి చిన్న అద్దం తీసి, అక్షరాల కింద నిలబెట్టింది. అద్దంలో అన్నీ సరిగ్గా నిలబడ్డాయి. "చూడండర్రా, ఈ పిల్లకు మీకంటే ఎక్కువ అక్షరాలు వచ్చు" అంది.

ఆ ఒక్క మాటతో తాను చదువుకున్నానంటుంది అమ్మమ్మ. ఏడాదిలో రెండు తరగతులు దాటింది. మాటలు కలుస్తుంటే, తాను మూడేళ్లు రోజంతా విప్పి పోసిన వరుసల్లో ఇన్నాళ్లూ ఇవా ఉన్నాయి అని ఆశ్చర్యం. వాటిలో రైళ్ల వేళలు, మందుల పేర్లు, ఎవరో చనిపోయారన్న కబురు ఉన్నాయి. అన్నీ ఆమె చేతుల్లోంచే వెళ్లాయి, ఒక్కటీ ఆమెకు చెప్పలేదు.

సాయంత్రం పిచ్చుక రాగానే నేర్పడానికి కూర్చోబెట్టేది. "ఇది ఠ."

"కన్ను."

"కన్ను కాదే, ఠ."

"కన్నే బావుంది" అని గోడకు ఆనుకుని నిద్రపోయేది.

ఏడాది దాటాక పిచ్చుకకు కడుపు నొప్పి మొదలైంది. ముడుచుకుపోయి పడుకునేది. చిగుళ్ల మీద పెన్సిలుతో గీసినట్టు నల్లని గీత వచ్చింది. మాటలు తగ్గిపోయాయి. నోట్లో అక్షరాలు లేకపోయినా మాటలు తగ్గిపోయాయి. కళ్లజోడుకు చెబితే శనివారం ఆ పిల్లకు రెండు అరటిపళ్లు ఇచ్చాడు.

ఒక శనివారం అమ్మమ్మ చెల్లెల్ని తీసుకురావడానికి వెళ్లి, పళ్లెం పట్టుకుని నిలబడ్డ కళ్లజోడును అడిగింది. "అరటిపండు దేనికండీ?"

"సీసం కడుపులో నిలవ ఉండకుండా" అన్నాడాయన. ఏ తడబాటూ లేదు. వాన వస్తే గొడుగెందుకని అడిగితే చెప్పినట్టు చెప్పాడు.

ఆయనకు ముందు నుంచీ తెలుసు. మందు ఇస్తున్నాడంటే విషమని తెలిసినట్టే. ఇంత చిన్న ముక్క అర్థం చేసుకోవడానికి బడికెళ్లాల్సి వచ్చిందే అని అమ్మమ్మ ఇప్పటికీ తనను తాను తిట్టుకుంటుంది. పిల్లలను పంపిన పెద్దవాళ్లకు, పొగిడినవాళ్లకు తట్టనిది ఆ పిల్లకెలా తడుతుందని నేనంటే వినదు.

ఆ రాత్రే ఆమె కాగితం మీద తన జీవితంలో మొదటి ఉత్తరం రాసింది. ఆరుగురు పిల్లల వయసులు, పని వేళలు, అట్టలు కొట్టిన కిటికీ, అరటిపళ్లు. టీచరమ్మ దాన్ని దిద్దకుండా, కింద తన సంతకం కూడా పెట్టి కార్మిక శాఖకు పంపింది. రెండు నెలల తర్వాత ఒక అధికారి వచ్చాడు. వెనక గదికి తాళం పడింది. కళ్లజోడుకు జరిగింది అంతే. మా ముత్తాతకు స్టూలు పోయింది.

పిచ్చుక బడికొచ్చింది. అంచు కుట్టిన ఆ గౌను అప్పటికి పొట్టిదైపోవాలి. ఇంకా వదులుగానే ఉంది. టీచరమ్మ బలపం ఇచ్చింది. పిచ్చుక చెయ్యి చాపింది, కానీ మణికట్టు దగ్గర నుంచి చెయ్యి వేలాడిపోయింది. బలపం కిందపడింది. మళ్లీ ఇచ్చారు. మళ్లీ పడింది. నాలుగో తరగతిలో కూర్చోవలసిన అమ్మమ్మ ఒకటో తరగతిలో చెల్లెలి పక్కన కూర్చుని, ఆ చేతిని తన చేత్తో పట్టుకుని రాయించింది. నలభై ఒక్క రోజులు. తర్వాత మూర్ఛలు వచ్చాయి. ఆసుపత్రిలో మూడో రోజు పోయింది. తొమ్మిదేళ్లు నిండలేదు.

అమ్మమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు. చదువుకుంది. పరీక్ష రాసి పోస్టాఫీసులో చేరింది. మొదటి నెల జీతం రాగానే టీచరమ్మ ఇంటికి వెళ్లింది. కాళ్లకు దణ్ణం పెట్టి, ఈ చదువు మీరు పెట్టిన భిక్ష అని చెప్పి రావాలని దారంతా మాటలు కూర్చుకుంది. గుమ్మంలో టీచరమ్మను చూడగానే వేరే మాట వచ్చింది.

"నాకు అప్పుడు కళ్లు బాగానే ఉన్నాయమ్మా. కావాలనే తప్పు గళ్లలో వేశాను. రావాల్సింది పిచ్చుక."

టీచరమ్మ ఆమెను లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టింది.

"తెలుసు" అంది.

"ఎప్పుడు తెలుసు?"

"అప్పుడే. పేజీలు కట్టే పెద్దాయన చెప్పాడు. పొరపాటున జారిన అక్షరం పక్క గడిలో పడుతుందట. నీవి ఈ మూలవి ఆ మూలలో దొరికాయట."

"తెలిసి నన్ను ఎలా తీసుకెళ్లారు?"

"ఒకర్ని ఇస్తానన్నాడు, తీసుకున్నాను. ఇద్దర్నీ ఇస్తే గానీ కదలనని అక్కడే కూర్చోవాల్సింది. కార్డులు వేరేచోట వేయించుకుంటానని అయినా అనాల్సింది. ఆ ఉత్తరం ఏదో అప్పుడే రాయాల్సింది. మీ నాన్న స్టూలు గుర్తొచ్చి వెనక్కి తగ్గాను. నాకప్పుడు ముప్పై నాలుగేళ్లమ్మా. నీకు పది. చిన్నపిల్లల్ని ఇద్దర్లో ఎవరని తేల్చుకోమన్నది మేము. ఆ తప్పు నీది కాదు. నాకిచ్చెయ్."

అమ్మమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇవ్వనండి. దాని దగ్గర నుంచి నాకు మిగిలింది అదొక్కటే."

ఇక్కడికొచ్చి ఆగిపోయింది అమ్మమ్మ. నేను ఊరుకునే రకం కాదు కదా.

"మరి దణ్ణం పెట్టావా లేదా?"

"పెట్టాను. వెళ్లిందే అందుకు."

"తర్వాత?"

"టీ ఇచ్చింది. తాగాం. ఆ నలభై ఒక్క రోజుల్లో పిచ్చుకకు ఎన్ని అక్షరాలు పలకడం వచ్చిందో లెక్కపెట్టుకున్నాం. ఆవిడ పదిహేడంది. నేను పందొమ్మిదన్నాను."

"పోట్లాడుకున్నారా?"

"చీకటి పడేదాకా" అంది అమ్మమ్మ. "పందొమ్మిదే. ఆఖరి రెండూ ఆసుపత్రిలో చెప్పింది. అక్కడ ఆవిడ లేదు."